నవ్వుకి రెండు దారులు

తాయారు వదినగారు బత్తాయిలు పట్టుకుని వచ్చారు. నా మంచం పక్కకి కుర్చీ లాక్కుని కూర్చుని, చెవి ఆపరేషను సంగతి మొదలుపెట్టారు. ఆవిడ చెవి ఆపరేషను నాకు కంఠతా వచ్చు. డాక్టరు ఏమన్నాడు, ఈవిడ ఏమని జవాబిచ్చింది, పక్క మంచం మీద మనిషి ఎంతలా మూలిగింది, అన్నీ. అయినా ఆడపడుచు చెబుతుంటే వింటాం. పెళ్ళయిన దగ్గర్నుంచీ వింటూనే ఉన్నాను. "అయ్యో, అలాగా వదినగారూ" అనడంలో కాకినాడ మొత్తం మీద నాకు సాటి లేరు.

ఆ రోజు మాత్రం ఆవిడ మధ్యలో ఆగిపోయారు. ఆవిడ చూపు నా తల పైన, గోడ మీద నిలిచిపోయింది. తర్వాత పమిట సర్దుకుని లేచి, "అలిసిపోయినట్టున్నావు హైమా, పడుకో. నేనొస్తా" అన్నారు. గుమ్మం దగ్గర మా ఆయనతో గొంతు తగ్గించి అన్న మాట కూడా నాకు వినిపించింది. నా చెవులకి ఏ రోగమూ లేదు మరి.

"కడుపులో లేనిది కౌగిలించుకుంటే వస్తుందట్రా జోగులూ. ఇన్నేళ్ళూ నేనంటే దానికి ప్రాణం అనుకున్నాను."

నేనేం చేశానో నాకు తెలియదు. నా ముఖం గోడ మీద తెరలో ఉంటుంది. ఆ తెర నా తలాపున ఉంటుంది. అది ఏం చేసిందో వచ్చినవాళ్ళ ముఖాలు చూసి నేను పోల్చుకోవాలి. వదినగారి ముఖం చూశాక నాకు సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. ఆవిడ మాటలు విసుగే. ఆ విసుగు అక్షరాలా నాదే. కానీ ముప్ఫై ఏళ్ళలో ఒక్కనాడు దాన్ని ఆవిడ కంట పడనిచ్చానా?

నేను డాక్టర్ హైమవతిని. డాక్టరునే గానీ బతికున్నవాళ్ళకి వైద్యం చేసిన పాపాన పోలేదు. మెడికల్ కాలేజీలో మొదటి సంవత్సరం పిల్లలకి అనాటమీ చెప్పేదాన్ని. అందులోనూ మెదడు కాండం పాఠమంటే నాకు మోజు. పెద్ద మెదడుకీ వెన్నుపాముకీ మధ్య బొటనవేలంత ఉంటుందది. పిల్లలు దాన్ని చూసి హడలిపోయేవారు. వెనక్కి తిప్పితే పైభాగంలో నాలుగు చిన్న గుట్టలు కనిపిస్తాయి. పై రెండూ చూపుకి, కింది రెండూ వినికిడికి. వాటికి దిగువన కాజూ బర్ఫీ ఆకారంలో ఒక పల్లం. ఆ పల్లం నేల మీద, నడిమి గీతకి అటొకటీ ఇటొకటీ కందిగింజంత బుడిపెలు రెండు. ముఖాన్ని కదిలించే నాడి లోపల ఒక మలుపు తిరిగి గానీ బయటికి పోదు. ఆ మలుపు ఎత్తుకి లేచిన బుడిపెలవి.

మా ఆయన జోగారావు మునిసిపల్ హైస్కూల్లో డ్రాయింగు మాస్టారు. డిసెక్షన్ హాల్లో గోడలకి వేలాడే పటాలన్నీ ఆయన గీసినవే. రాత్రి భోజనాలయ్యాక ముందుగదిలో కూర్చుని, "నీ నాలుగిడ్లీలూ గీశానే, చట్నీ ఎక్కడ పొయ్యమంటావు" అని ఏడిపించేవాడు. ఏ గుట్ట దేనికో ఆయనకి అక్కర్లేదు. నీడ ఎటు పడుతుందో అదే కావాలి.

ఆ కాండం ముందువైపు నాకు రక్తం గడ్డ కట్టింది. కాళ్ళూ చేతులూ మెడా నాలుకా అన్నీ ఒక్క పూటలో పోయాయి. బుద్ధి మిగిలింది. కనుగుడ్లు పైకీ కిందకీ కదలడం మిగిలింది. పైకి చూస్తే అవును, కిందకి చూస్తే కాదు. మా ఆయన ఒక అట్ట మీద అక్షరాలూ గుణింతాల గుర్తులూ పెద్దగా రాసి, వేలితో ఒక్కొక్కటీ చూపిస్తూ పోయేవాడు. కావలసిన దగ్గర నేను పైకి చూసేదాన్ని. "వదినగారికి కాఫీ ఇవ్వండి" అనడానికి తలప్రాణం తోకకొచ్చేది. అయినా అనేదాన్ని. వచ్చినవాళ్ళు ఓపిగ్గా కూర్చుని ఆ మాట పూర్తయ్యేదాకా చూసి, "మంచాన పడ్డా నీ మర్యాద పోలేదమ్మా" అనేవారు. ఎంత పొంగిపోయేదాన్నో.

నవ్వుకి రెండు దారులున్నాయని నేనే క్లాసులో చెప్పేదాన్ని. ఫొటోగ్రాఫరు నవ్వమంటే నవ్వే నవ్వు పెద్ద మెదడు నుంచి కాండం ముందువైపుగా దిగుతుంది. ఎవరైనా అరటితొక్క మీద కాలేసి జారితే వచ్చే నవ్వు వెనక దారిన వస్తుంది. రెండూ ఆ బుడిపెల దగ్గర కలిసి ముఖంలోకి పోతాయి. నాకు కాలిపోయింది ముందు దారి. దాంతోపాటు నాడి బయటికొచ్చే మొదలు కూడా చచ్చిపోయి, ముఖం నానిన పిండిముద్దలా అయిపోయింది. వెనక దారి మాత్రం బుడిపెల దాకా వస్తూనే ఉంది. స్తంభం దాకా కరెంటుండి, ఇంట్లోకి తీగ లేనట్టు.

ఫర్జానా నా శిష్యురాలు. విశాఖలో ఒక పరిశోధనశాలలో పనిచేస్తోంది. ఉల్లిపొర కన్నా పలచటి పొర ఒకటి తయారుచేసింది. దాన్ని ఆ పల్లంలో, సరిగ్గా రెండు బుడిపెల మీద పరిస్తే, ముఖానికి చేరవలసిన కబురు మధ్యలోనే అందుకుంటుంది. దాన్ని బట్టి తెర మీద ముఖం కదులుతుంది. పాత ఫొటోలూ పెళ్ళిళ్ళ వీడియోలూ చూసి ఆ ముఖాన్ని నాలాగే తయారుచేశారు. "మేడమ్, ఒప్పుకుంటారా" అని ఫర్జానా అడిగింది. వెంటనే పైకి చూశాను. ముఖం తిరిగొస్తుందంటే ఎవరికి చేదు?

ఇద్దరమూ ఆ కాండం మీద ప్రతి గాడీ ప్రతి గట్టూ ఎరిగినవాళ్ళమే. పొరకి అందేది వెనక దారి ఒక్కటేనని ఇద్దరికీ తెలుసు. ముందు దారితో నేను రోజంతా ఏం చేసుకొచ్చేదాన్నో మాత్రం ఇద్దరిలో ఎవరమూ ఆలోచించలేదు. అది పరీక్షలో వచ్చే ప్రశ్న కాదు.

విశాఖలో మిషను మొదటిసారి ఆన్ చేసినప్పుడు మా ఆయన తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, పెళ్ళిచూపులకొచ్చినట్టు జుట్టు దువ్వుకుని. ఆ అవతారం చూసి నాకు లోపల నవ్వొచ్చింది. అంతే, ఆయన గోడ వైపు చూసి వెక్కివెక్కి ఏడ్చాడు. "నవ్విందమ్మాయ్, నా హైమ నవ్విందే" అంటూ ఫర్జానా రెండు చేతులూ పట్టుకున్నాడు. తర్వాత మంచం తలాపుకి వచ్చి, చెయ్యి పైకెత్తి, తెర మీది చెంపని నిమిరాడు. అసలు చెంప ఆ చేతికి కిందనే ఉంది. ఆ సంతోషంలో అది నేనూ పట్టించుకోలేదు.

ఇంటికొచ్చాక కొన్నాళ్ళు పండగే. ఆయన పేపరు చదువుతూ ఓ వార్త చదివి పైకి చూసేవాడు. "చూశావా, ఈ మాటకి కోపం వచ్చింది నీకు" అని మురిసిపోయేవాడు. అక్షరాల అట్ట పని తగ్గిపోయింది. అంత కష్టపడి అక్షరం అక్షరం ఏరుకోవడం ఎందుకు, ముఖమే చెబుతుంటే? అట్ట బీరువా వెనక్కి పోయింది.

తర్వాత చుట్టాలు రావడం మొదలైంది. వీధిలో వాళ్ళు కూడా పని కల్పించుకుని వచ్చారు. హైమవతి గారి ముఖం ఇక అబద్ధం చెప్పదట, చూద్దాం పదండని. ఎదురింటావిడ తన కోడలి వంట గురించి చెప్పింది. నా ముఖం ఏం చేసిందో ఏమో, ఆవిడ మళ్ళీ గుమ్మం తొక్కలేదు. వదినగారి సంగతి చెప్పాను కదా. ఆవిడ వెళ్ళాక నేను కనుగుడ్లు పైకీ కిందకీ ఆడించి ఆడించి అలసిపోయాను, అట్ట తెమ్మని. మా ఆయన తెర వైపు చూసి, "సర్లేవే, చికాకు పడకు. అక్క మాటలు నాకూ విసుగే" అన్నాడు. నాకు చెప్పాలనున్నది అది కాదు. వదినగారిని వెనక్కి పిలవండి, కాఫీ ఇవ్వండి అని.

అసలు సిగ్గు అది కాదు. అసలుది ప్రతి ఉదయమూ జరిగేది.

నాకు ఒళ్ళు తుడవడం, బట్టలు మార్చడం, అడుగున శుభ్రం చెయ్యడం అన్నీ ఆయనే. ఆయాని పెడదామని ఎవరు చెప్పినా ఒప్పుకోలేదు. "మా ఆవిడకి నేను చేసుకుంటా, మధ్యలో మీకేంటి" అనేవాడు. నేను కాలేజీలో పాఠం చెబుతుంటే వెనక బెంచీలో గుసగుస కూడా వినపడేది కాదు. అలాంటిదాన్ని, గుడ్డముక్కలా అటూ ఇటూ తిప్పించుకుంటున్నాను. దానికి తోడు ఆయన వేళ్ళకి ఎప్పుడూ రంగులు కడిగే టర్పెంటైన్ వాసన. పెళ్ళయిన కొత్తలోనే నాకది పడలేదు. కొత్త పెళ్ళికూతురు ఏమంటుంది? ఊరుకున్నాను. ఆ ఊరుకోవడమే అలవాటైపోయింది. ఆయన చెయ్యి దగ్గరికొచ్చినప్పుడల్లా లోపల ఒకటి ముడుచుకునేది, పైన నేను నవ్వేదాన్ని. ఆ రెంటికీ మధ్య రెప్పపాటు కూడా పట్టేది కాదు. ఆయనకి దక్కింది ఎప్పుడూ నవ్వే.

ఇప్పుడు నవ్వడానికి దారి లేదు. ముడుచుకునేది ఒక్కటే పైకి పోతోంది. ఒక ఉదయం నా మూతి తుడుస్తూ ఆయన తలెత్తి తెర చూశాడు. చెయ్యి ఆగింది. మళ్ళీ తుడిచాడు, మళ్ళీ చూశాడు. మర్నాడు చేతులకి గ్లౌజులు తొడుక్కున్నాడు. ఆ తర్వాత ఆయా వచ్చింది. పేపరు వరండాలో చదువుకోవడం మొదలుపెట్టాడు, బయటికి చదవకుండా.

ఒకరోజు గుమ్మంలోనే నిలబడి అన్నాడు. నాతో కాదు, గోడతో.

"నేను దగ్గరికొస్తే నీకంత రోతని నాకు తెలీదు హైమా. చెప్పుంటే దూరంగానే ఉండేవాణ్ణి కదా. ఇన్నేళ్ళు ఎలా భరించావే."

నేను కిందకి చూశాను. కాదు, కాదు. ఆయన గోడనే చూస్తున్నాడు. గోడ మీద ఏముందో నాకు తెలియదు. ఆ మాటకి నా గుండె చెరువైపోయింది. తెర మీదకి పోయిన ఆ దుఃఖంలో ఆయనకి కావలసిన జవాబు మాత్రం ఉండి ఉండదు.

ఫర్జానా పరీక్షలు చెయ్యడానికి వచ్చింది. లాప్‌టాప్ తెరిచి చూసుకుని, "సిగ్నల్ ఎంత శుభ్రంగా వస్తోందో మేడమ్. సెమినార్‌లో మీ గురించే చెప్పబోతున్నా" అంది. పిల్ల ముఖం వెలిగిపోతోంది. తప్పు పట్టలేను. నేనైనా అలాగే వెలిగేదాన్ని.

మా ఆయన వరండాలోంచి వచ్చి నిలబడ్డాడు. "అమ్మాయ్, ఒక్క సంగతి. నేను తుడుస్తుంటే అది ముఖం అదోలా పెడుతోంది. మిషనేమైనా పొరపాటు పడుతోందా?"

ఫర్జానా లాప్‌టాప్‌లో గీతలు మరోసారి చూసింది. "పొరపాటు కాదు మాస్టారూ. కానీ అలాంటివి మనందరికీ లోపల వస్తూనే ఉంటాయండీ. మనం పైకి రానివ్వం. మేడమ్‌కి ఆపుకునే దారి పోయింది."

"అంటే ఉన్నదే చూపిస్తోందన్నమాట."

"ఉన్నదేనండీ."

"అదే అడిగాను" అని ఆయన తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు.

ఫర్జానా నొచ్చుకుంది. మంచం మీదకి వంగి, "మేడమ్, ఇది మీకు ఇబ్బందిగా ఉందా? ఆపేయమంటారా?" అని అడిగింది.

ఇన్నాళ్ళకి ఒకళ్ళు నన్ను అడిగారు. బలం కొద్దీ పైకి చూశాను. అవును, ఆపెయ్యి తల్లీ, పుణ్యముంటుంది. అడిగినందుకే నాకు ప్రాణం లేచొచ్చింది. లేచొచ్చిన ప్రాణం వెనక దారిన నేరుగా తెర మీదకి పోయింది.

"చూడండి మాస్టారూ, ఎంత బాగా నవ్వుతున్నారో" అంది ఫర్జానా. "ఉంచమనే."

నేను పైకే చూస్తున్నాను. కళ్ళు నొప్పి పుట్టాయి. ఫర్జానా ఒక్కసారి తల దించి నా కళ్ళు చూసింది. "అయ్యో, తెర చూడాలని అంత ఆత్రమా మేడమ్? అక్కణ్ణించి మీకు కనపడదు" అంది. వైద్యం చదువుకున్న పిల్ల, నా క్లాసులో మొదటి బెంచీలో కూర్చున్న పిల్ల. కళ్ళతో పలికే మనిషి కళ్ళని కాక గోడని చదివింది. దాని పాఠం తప్పైనందుకు నేనే సిగ్గుపడ్డాను.

మర్నాడు ఉదయం మా ఆయన డ్రెస్సింగు టేబుల్ అద్దం ఊడదీసి తెచ్చాడు. ఆయాని వంటింట్లోకి పంపేశాడు. "నీకు చూడాలనుందని ఆ అమ్మాయి చెప్పింది కదా. చూసుకో. అప్పుడు నేనెందుకు దూరంగా ఉంటున్నానో నీకే తెలుస్తుంది" అన్నాడు. గొంతులో కోపం లేదు. అదే ఎక్కువ బాధేసింది.

నా కాళ్ళ దగ్గర నిలబడి అద్దం ఎత్తి పట్టుకున్నాడు. నేను చూశాను.

చెవులకి రాళ్ళ దుద్దులు, బొట్టు, నూనె పెట్టి దువ్విన జుట్టు. నా ముఖమే, మంచి రోజుల నాటిది. ముక్కుపుటాలు లేచి ఉన్నాయి. పై పెదవి ఒక పక్కకి వంకర పోయింది. మురుగుకాలవ దాటుతున్న మనిషి ముఖం అది. దానికి ఎదురుగా మా ఆయన చేతులు చాపి, అద్దం పట్టుకుని, వేచి చూస్తున్నాడు. ఇన్ని నెలలుగా ఈ మనిషి పొద్దున్నే లేచి చూస్తున్నది ఇదా అనుకున్నాను.

సిగ్గేస్తే మనిషి తల దించుకుంటుంది. పమిట అడ్డం పెట్టుకుంటుంది. ఏదో ఒకటి మాట్లాడి మళ్ళిస్తుంది. అవన్నీ ముందు దారి పనులు. తెర మీది ముఖానికి దించుకోవడం చేతకాదు. అలా విప్పుకుని నిలబడే ఉంది. నడివీధిలో చీర జారిపోతే పట్టుకోవడానికి చేతులు లేని మనిషిని నేను. చూడలేక కళ్ళు కిందకి దించేశాను.

"కనపట్లేదా?" అని ఆయన నా కళ్ళ వైపు చూశాడు. అద్దం ఎటు తిప్పాలో తెలియాలంటే కళ్ళు చూడక తప్పదు. కొంచెం కిందకి దించాడు. నేను ఇంకా కిందకి చూశాను. ఆయన ఇంకా దించాడు. అలా దించి దించి, అద్దం నా పొట్ట మీదకి వచ్చి, ఆయన వంగి, ముఖం నా ముఖానికి ఎదురుగా వచ్చేసింది. గడ్డం నెరిసింది. ఆయన్ని అంత దగ్గర్నుంచి చూసి ఎన్నాళ్ళయిందో.

"కిందకి చూస్తున్నావు" అన్నాడు నెమ్మదిగా. "వద్దంటున్నావా?"

పైకి చూశాను.

అద్దం నేల మీద పెట్టి, బీరువా వెనక నుంచి అట్ట లాగాడు. దుమ్ము చొక్కాతో తుడిచాడు. వేలు కదులుతూ పోయింది. అలవాటు తప్పి రెండుసార్లు తడబడ్డాడు, మళ్ళీ మొదటికొచ్చాడు.

"ఆపండి" అన్నాను.

ఆయన తెర చూశాడు, నన్ను చూశాడు. "ముఖం ఏడుస్తోందే హైమా. ఆపితే ఈ ఏడుపు నాకు కనపడదు. నవ్వినా కనపడదు. మళ్ళీ నువ్వు ఆ మంచం మీద..." అని ఆపేశాడు. పిండిముద్ద అనలేక.

పైకి చూశాను.

"నిన్న నవ్వావు. ఇవాళ ఆపమంటున్నావు. దేన్ని నమ్మమంటావు చెప్పు."

అట్ట మీద వేలు మళ్ళీ బయల్దేరింది. నాకు తొందర. ఆ వేలికి తొందర లేదు.

"నన్ను" అన్నాను.

ఆయన అట్ట మంచం మీద పెట్టాడు. తెరలో ఇష్టమైనవి కూడా చూసుకున్నాడు కదా, ఒక్క రోతేనా. బొమ్మలు గీసే మనిషికి ముఖం లేని పెళ్ళాం అంటే చిన్న సంగతా? రైలెక్కిన మనిషిని చూసినట్టు తెర వైపు చూస్తూ స్విచ్చి దగ్గరికి వెళ్ళాడు. టక్కుమన్న శబ్దం వినపడింది. గదిలో ఫ్యాను చప్పుడొకటే మిగిలింది.

వచ్చి మంచం అంచున కూర్చున్నాడు. గోడ వైపు చూడడానికి ఇంకేమీ లేదు. నా కళ్ళల్లోకి చూసి, పదో తరగతి పిల్లాడు మార్కులు అడిగినట్టు అడిగాడు.

"నేనంటే నీకు రోతా?"

కిందకి చూశాను. అందులో నిజమెంతో అబద్ధమెంతో నేను కొలవలేదు. ఆయనకీ తెలియకపోలేదు. ఫర్జానా చెప్పింది విన్న మనిషే కదా. అయినా ఆయన భుజాలు దిగాయి. "సరే" అన్నాడు. లేచి వెళ్ళి ప్లాస్టిక్ టబ్బులో గోరువెచ్చని నీళ్ళు తెచ్చాడు. గ్లౌజులు తొడుక్కోలేదు. గుడ్డ పిండి, నా మూతీ మెడా తుడిచాడు. పక్కకి తిప్పి వీపు తుడిచాడు. తర్వాత మిగతాది కూడా శుభ్రం చేశాడు. లోపల ఎప్పటిలాగే ముడుచుకుంది. సిగ్గుతో ఒళ్ళంతా కాలిపోయింది. అది ఏ గోడ మీదకీ వెళ్ళలేదు.

"హాయిగా ఉందా?" అని అడిగి, నా కళ్ళ కోసం వంగాడు.

పైకి చూశాను.